చేతులు మారిన ఎక్స్‌టెన్షన్

క్రోమ్ బ్రౌజర్‌లో ముప్పై నలభై ట్యాబ్‌లు తెరిచిపెట్టుకునే అలవాటున్నవాళ్లకు ఈ తిప్పలు తెలిసినవే. చూడని ట్యాబ్‌లు కూడా మెమరీ తినేస్తుంటాయి, కంప్యూటర్ మొరాయిస్తుంది. దీనికి విరుగుడుగా ఒక డెవలపర్ రాసి ఉచితంగా పంచిన ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామే ‘ది గ్రేట్ సస్పెండర్’. కాసేపు ముట్టుకోని ట్యాబ్‌ను అది నిద్రపుచ్చుతుంది, నొక్కితే లేపుతుంది. దాని కోడ్ ఎవరైనా చూసుకునేలా గిట్‌హబ్‌లో ఉండేది. మంచి పేరు తెచ్చుకుంది, వాడేవాళ్లు 20 లక్షలు దాటారు.

2020 జూన్‌లో ఆ డెవలపర్ దాన్ని అమ్మేశారు. కొన్నదెవరో వాడేవాళ్లకు తెలియదు. అక్టోబరులో క్రోమ్ వెబ్ స్టోర్‌కి కొత్త వెర్షన్ వచ్చింది. గిట్‌హబ్‌లో మాత్రం దాని కోడ్ పెట్టలేదు. అనుమానం వచ్చి విప్పి చూసినవాళ్లకు, బయటి సర్వర్ నుంచి స్క్రిప్టు తెప్పించుకుని నడిపే ఏర్పాటు కనిపించింది. ఇక ఆ ఎక్స్‌టెన్షన్ రేపేం చేయాలన్నది ఆ సర్వర్ నడిపేవాళ్ల ఇష్టం. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్‌గా తేల్చి స్టోర్‌లోంచి తీసేసింది, జనం బ్రౌజర్లలోనూ పనిచేయకుండా ఆపేసింది. అప్పటికి నిద్రలో ఉన్న ట్యాబ్‌లు చాలామందికి ఒక్కసారిగా మాయమయ్యాయి.

ఇంత చిన్న ప్రోగ్రాముకు అంత బలం ఎక్కడిది? బ్రౌజర్‌లో లేని సౌకర్యాలను బయటివాళ్లు జతచేసే పద్ధతి 2004లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 1.0తో బాగా జనంలోకి వెళ్లింది. క్రోమ్ 2010లో అందుకుంది. ప్రకటనలు ఆపాలన్నా, పాస్‌వర్డ్ నింపాలన్నా, పేజీని అనువదించాలన్నా అందులో ఏముందో ఎక్స్‌టెన్షన్ చదవాలి. అందుకే ‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడం, మార్చడం’ అనే అనుమతి అడుగుతుంది. బ్యాంకు పేజీ మన దాకా గుప్తలిపిలోనే వస్తుంది, నిజమే. కానీ బ్రౌజర్ దాన్ని విప్పాకే మనకు కనిపిస్తుంది. ఎక్స్‌టెన్షన్ పనిచేసేది ఆ విప్పిన పేజీ మీదే. కుకీలు చదివే అనుమతి కూడా ఉంటే మరీ ప్రమాదం. లాగిన్ అయినట్టు గుర్తుచెప్పే కుకీ దొంగ చేతికి చిక్కితే, చాలా సైట్లలో పాస్‌వర్డ్, ఓటీపీ లేకుండానే ఖాతాలోకి వెళ్లిపోవచ్చు.

పైగా అప్‌డేట్లు మనల్ని అడగకుండానే వచ్చేస్తాయి. కొత్త వెర్షన్ మునుపటి కన్నా పెద్ద అనుమతి కోరితే క్రోమ్ దాన్ని ఆపి మన సమ్మతి అడుగుతుంది. పాత అనుమతులే సరిపోతే అడిగే పనే లేదు. కాబట్టి పెద్ద అనుమతులు ముందే సంపాదించుకున్న పేరున్న ఎక్స్‌టెన్షన్ మీదే దొంగల కన్ను.

దాన్ని కొనాల్సిన పని కూడా లేదని 2024 డిసెంబరులో తేలింది. సైబర్‌హేవెన్ అనేది కంపెనీల డేటా బయటికి పొక్కకుండా కాపలా కాసే సంస్థ. క్రిస్మస్ ముందురోజు అక్కడి ఉద్యోగికి, స్టోర్ నియమాలు ఉల్లంఘించినందుకు మీ ఎక్స్‌టెన్షన్‌ను తీసేస్తామంటూ గూగుల్ పంపినట్టే ఒక మెయిల్ వచ్చింది. లింకు నొక్కి, అడిగిన అనుమతి ఇచ్చారు. ఆ ఒక్క అనుమతితో దుండగులు మర్నాడు నకిలీ వెర్షన్‌ను స్టోర్‌కి ఎక్కించారు. దాదాపు 4 లక్షల మంది వాడే ఎక్స్‌టెన్షన్ అది. ఫేస్‌బుక్ ప్రకటనల ఖాతాల మీద గురిపెట్టిన ఆ వెర్షన్ ఒక రోజుకు పైగా స్టోర్‌లో ఉంది. కంచే చేను మేసింది.

గూగుల్ తెచ్చిన మ్యానిఫెస్ట్ వి3 నియమాల ప్రకారం ఎక్స్‌టెన్షన్లు బయటి సర్వర్ నుంచి కోడ్ తెచ్చి నడపకూడదు. గ్రేట్ సస్పెండర్ బాటకు అది అడ్డుకట్టే. అయితే దొంగ కోడ్‌ను అప్‌డేట్‌లోనే పెట్టి పంపితే, స్టోర్ తనిఖీలో పట్టుబడితేనే ఆగుతుంది.

అందుకని, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చూశాం కదా అని ఊరుకోకండి. ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరవండి. వాడనివి తీసేయండి. అన్ని సైట్లూ అక్కర్లేనిదానికి, నొక్కినప్పుడే పనిచేసేలా అనుమతి తగ్గించండి. బ్యాంకు పనులకు ఏ ఎక్స్‌టెన్షనూ లేని వేరే ప్రొఫైల్ పెట్టుకోండి. నిన్న మంచిదైన ఎక్స్‌టెన్షన్ రేపూ మంచిదేనని ఎవరూ హామీ ఇవ్వలేరు.