టైపు చేసి ఆడుకున్న ఆటలు: తొలి హోమ్ కంప్యూటర్ పత్రికల కథ



ఈ రోజు ఫోనులో కొత్త ఆట కావాలంటే తెర మీద వేలు పెడితే చాలు, నిమిషంలో దిగుతుంది. 1982లో అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఇంట్లో కంప్యూటర్ ఉన్న ఒక విద్యార్థికి ఆట కావాలంటే ముఖ్యంగా రెండు దారులు ఉండేవి. ఒకటి, దుకాణంలో క్యాసెట్ కొనడం. రెండోది, ఒక మాసపత్రిక కొని, అందులో అచ్చయిన ప్రోగ్రామ్‌ను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా కీబోర్డు మీద కొట్టుకోవడం. క్యాసెట్ కన్నా పత్రిక చాలా చవక. ఆ చవక దారే ఒక తరానికి ప్రోగ్రామింగ్ ఎలా నేర్పిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పత్రికలు ఎలా వచ్చాయి?

1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఆచార్యులు బేసిక్ అనే భాషను రూపొందించారు. సైన్సు చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్‌ను వాడగలగాలన్నది వారి ఉద్దేశం. డేవిడ్ ఆల్ అనే ఆయన ఈ భాషలో రాసిన ఆటలను సేకరించి 1973లో '101 బేసిక్ కంప్యూటర్ గేమ్స్' అనే పుస్తకం తెచ్చారు. 1974లో 'క్రియేటివ్ కంప్యూటింగ్' పత్రికను ప్రారంభించినది కూడా ఆయనే.

ఆ తరువాత యంత్రాలు ఇళ్ళలోకి వచ్చాయి. 1981లో బ్రిటన్‌లో జెడ్‌ఎక్స్81, 1982లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, అదే ఏడాది అమెరికాలో కమొడోర్ 64 విడుదలయ్యాయి. జెడ్‌ఎక్స్81 మెమరీ కేవలం 1 కిలోబైటు. అంటే సుమారు వెయ్యి అక్షరాలు పట్టేంత చోటు మాత్రమే. వీటిని ఇంట్లోని టీవీకి తగిలించుకునేవారు. స్విచ్ వేయగానే బేసిక్ సిద్ధంగా ఉండేది.

యంత్రాల వెంటే పత్రికలు వచ్చాయి. 1981 నవంబరులో బ్రిటన్‌లో 'కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్' మొదలైంది. అదే ఏడాది అమెరికాలో 'ఎలక్ట్రానిక్ గేమ్స్', 'కంప్యూటర్ గేమింగ్ వరల్డ్' వెలువడ్డాయి. 1983లో కమొడోర్ వాడేవారి కోసం 'కంప్యూట్స్ గెజెట్', 1984లో స్పెక్ట్రమ్ వారి కోసం 'క్రాష్' వచ్చాయి. 'క్రాష్' ఆటలను సమీక్షించే పత్రిక. తన ఊరైన లడ్‌లోలోని బడి పిల్లల చేత కూడా ఆటలు ఆడించి, వారి అభిప్రాయాలను, శాతాల్లో మార్కులను అచ్చువేసేది.

లిస్టింగ్ అంటే ఏమిటి?

పత్రికలో అచ్చయిన ప్రోగ్రామ్‌ను లిస్టింగ్ అనేవారు. అందులో ప్రతి వరుసకు 10, 20, 30 అని సంఖ్య ఉండేది. 1, 2, 3 అని ఎందుకు వేయలేదు? తరువాత మధ్యలో ఒక వరుస చేర్చవలసి వస్తే 15 అనో 25 అనో రాయడానికి వీలుగా ఖాళీ వదిలేవారు.

ఒక చిన్న ఆటను ఊహించుకోండి. 10వ వరుసలో కంప్యూటర్ 1 నుంచి 100 లోపు ఒక సంఖ్యను మనసులో అనుకుంటుంది. 20వ వరుసలో మన ఊహ ఏమిటని అడుగుతుంది. 30వ వరుసలో మన సంఖ్య పెద్దదైతే 'ఎక్కువ' అని, 40లో చిన్నదైతే 'తక్కువ' అని చెబుతుంది. 50లో, సరిపోకపోతే మళ్ళీ 20కి వెళ్ళమంటుంది. షరతు, పునరావృతి అనే రెండు ప్రధాన భావనలు ఈ ఐదు వరుసల్లోనే ఉన్నాయి.

ప్రతిసారీ మిగిలిన సంఖ్యలను సగానికి చీలుస్తూ ఊహిస్తే గరిష్ఠంగా 7 ప్రయత్నాల్లో జవాబు దొరుకుతుంది. కారణం, రెండును ఏడుసార్లు గుణిస్తే 128, అది 100 కన్నా ఎక్కువ. కొట్టిన విద్యార్థికి ఒక కోరిక పుడుతుంది: 100 తీసేసి 1000 పెడితే? ప్రయత్నాలు పదింతలు కావు, 10 మాత్రమే అవుతాయి. ఎవరూ పాఠం చెప్పకుండానే అతడు ఒక గణిత సత్యాన్ని కనుగొన్నాడు. ప్రోగ్రామ్ కంటికి కనిపిస్తున్నందువల్లనే ఇది సాధ్యమైంది.

ఒక్క తప్పు చేసే పని

అయితే బేసిక్ నెమ్మదిగా నడిచేది. వేగం కావలసిన ఆటల్లో కొంత భాగాన్ని యంత్రభాషలో, అంటే వట్టి అంకెల రూపంలో ఇచ్చేవారు. కమొడోర్ 64లో ఈ ఆరు సంఖ్యలను చూడండి:

169, 0, 141, 32, 208, 96

'169, 0' అంటే సున్నా విలువను తీసుకో. '141, 32, 208' అంటే దానిని 53280 అనే మెమరీ చిరునామాలో పెట్టు. 208ని 256తో గుణించి 32 కలిపితే 53280 వస్తుంది. 96 అంటే తిరిగి వెళ్ళు. ఫలితంగా తెర చుట్టూ ఉన్న అంచు నల్లబడుతుంది.

ఇలాంటి సంఖ్యలు పేజీలకు పేజీలు ఉండేవి. గంటల తరబడి కొట్టాక ఒక్క అంకె తప్పినా ఆట నడవదు, ఒక్కోసారి యంత్రమే బిగుసుకుపోతుంది. ముందుగా క్యాసెట్‌లో భద్రపరచకపోతే శ్రమంతా పోయినట్లే. కొన్నిసార్లు తప్పు పాఠకుడిది కాదు, అచ్చుది. సవరణ వచ్చే నెల సంచికలో వచ్చేది.

దీనికి పత్రికలు కనిపెట్టిన ఉపాయం సరిచూపు మొత్తం. పై ఆరు సంఖ్యలను కూడితే 646. ఈ మొత్తాన్ని కూడా అచ్చువేస్తారు. మీరు 141 బదులు 114 కొడితే మొత్తం 619 వస్తుంది. తప్పు ఏ వరుసలో ఉందో వెంటనే తెలుస్తుంది.

మరి 32, 208లను తారుమారు చేసి కొడితే? మొత్తం మళ్ళీ 646 వస్తుంది! యంత్రం మాత్రం సున్నాను 53280కి బదులు 8400 చిరునామాలో పెడుతుంది. అంచు రంగు మారదు. అందుకే ప్రతి సంఖ్యను దాని స్థానంతో గుణించి కూడాలి. అప్పుడు సరైన వరుసకు 2336, తారుమారైన దానికి 2160 వస్తాయి. తప్పు దొరికిపోతుంది. మీ పాఠ్యపుస్తకం వెనుక ఐఎస్‌బీఎన్ సంఖ్య ఉంటే దాని చివరి అంకె వెనుక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే.

లిస్టింగులు ఎందుకు పోయాయి?

1980 దశకం నడిచేకొద్దీ ఆటలు పెద్దవయ్యాయి. పేజీల్లో అచ్చువేయడం, కొట్టుకోవడం రెండూ కష్టమయ్యాయి. పత్రికలు ముఖచిత్రం మీదే క్యాసెట్‌ను, తరువాత డిస్కును అంటించి ఇవ్వసాగాయి. పాఠకుడికి శ్రమ తగ్గింది. కానీ ఆట లోపల ఏముందో కనిపించడం కూడా ఆగిపోయింది. 'క్రియేటివ్ కంప్యూటింగ్' 1985లో, 'కంప్యూటర్ గేమింగ్ వరల్డ్' 2006లో ఆగిపోయాయి.

అలాగని ఆ కాలాన్ని అతిగా పొగడనవసరం లేదు. అర్థం చేసుకోకుండా అంకెలు కొట్టినవారూ ఎందరో ఉన్నారు. కంప్యూటర్ కొనగల ఇళ్ళకే ఆ అవకాశం దక్కింది. మన దేశంలో ఆ యంత్రాలు ఇంటి కన్నా ముందు బడికి చేరాయి. 1984లో మొదలైన 'క్లాస్' పథకం కింద ఎంపికైన పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. అందులోనూ స్విచ్ వేయగానే పలకరించేది బేసిక్ భాషే.

ఇంకొక విషయం. క్యాసెట్ల మీది అయస్కాంత పూత కాలంతోపాటు పాడవుతుంది. కాగితం మీది లిస్టింగ్‌ను మాత్రం నలభై ఏళ్ళ తరువాత కూడా చదివి, మళ్ళీ కొట్టి, నడిపించవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి సంస్థలు ఈ సంచికల స్కాన్ ప్రతులను భద్రపరుస్తున్నాయి.

సారాంశం

పత్రిక ఆటను అమ్మలేదు, ఆట తయారీని చూపించింది. కొట్టడం వల్ల చదవడం, తప్పు వెతకడం వల్ల అర్థం చేసుకోవడం, మార్చడం వల్ల సృష్టించడం అలవడ్డాయి. ఇప్పుడు మీరు వాడే ప్రోగ్రామ్‌లలో లోపలి భాగం తెరిచి చూపేవి నేటికీ ఎన్నో ఉన్నాయి. నకలు చేసి అతికించే ముందు ఒక్క ఇరవై వరుసలైనా చేత్తో కొట్టి చూడండి.

ఆలోచించండి

1. సంఖ్య 1 నుంచి 1000 లోపు ఉన్నప్పుడు 10 ప్రయత్నాలు ఎందుకు సరిపోతాయి?
2. స్థానంతో గుణించి కూడినప్పటికీ దొరకని తప్పులు ఉంటాయా? పై ఆరు సంఖ్యల్లో రెండింటిని ఒకేసారి మార్చి, మొత్తం మళ్ళీ 2336 వచ్చేలా ఒక ఉదాహరణ తయారు చేయండి.