రాజధాని అనే మాట, అధికారం అనే వస్తువు

ప్రభుత్వ శాఖలను రాజధాని నుంచి మరొక చోటికి తరలించడం పరిపాలనా శాస్త్రానికి సంబంధించిన విషయమనీ, సాహిత్యకారులకు దానితో నిమిత్తం లేదనీ మనలో చాలామంది అనుకుంటారు. కాని ఒక మాటకు ప్రజలు చెప్పుకునే అర్థాన్ని కూడా ఆధారంగా తీసుకుని ఒక న్యాయస్థానం అటువంటి తరలింపును నిలిపివేసిన సందర్భం ఉన్నది. అది దక్షిణ కొరియాలో సెజోంగ్ నగరం పుట్టిన కథ. భాష, చరిత్ర, వర్గ ప్రయోజనం ఈ మూడూ అందులో ఎట్లా పెనవేసుకున్నాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సియోల్, దాని చుట్టుపక్కల ప్రాంతం కలిపి ఆ దేశ విస్తీర్ణంలో సుమారు 12 శాతం మాత్రమే. జనాభాలో దాదాపు సగం మాత్రం అక్కడే ఉంది. పెద్ద కంపెనీల కేంద్ర కార్యాలయాలు, పేరున్న విశ్వవిద్యాలయాలు, ప్రచురణ సంస్థలు అన్నీ అక్కడే. మిగతా ప్రాంతాలు పిల్లల్ని కని, పెంచి, సియోల్‌కు పంపే ఊళ్ళుగా మిగిలాయి. ఈ అసమానతను సరిచేయడానికి పరిపాలనా రాజధానిని మధ్య ప్రాంతమైన చుంగ్‌చాంగ్‌కు మారుస్తానని 2002 అధ్యక్ష ఎన్నికలలో రో మూ-హ్యున్ వాగ్దానం చేశాడు. గెలిచాడు. 2003 డిసెంబరులో చట్టం వచ్చింది.

2004 అక్టోబరు 21న రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టివేసింది. ఆ దేశ రాజ్యాంగంలో రాజధాని ఫలానా నగరమని ఎక్కడా రాసి లేదు. అయినా ఆరు వందల ఏళ్ళుగా సియోల్ రాజధానిగా ఉంటూ వచ్చిందనీ, అది అలిఖిత రాజ్యాంగ సంప్రదాయమైపోయిందనీ, దాన్ని మార్చాలంటే రాజ్యాంగాన్నే సవరించాలనీ న్యాయమూర్తులలో అత్యధికులు అన్నారు. చోసన్ రాజుల కాలపు ధర్మశాస్త్ర గ్రంథాన్ని సాక్ష్యానికి పిలిచారు. సియోల్ అనే దేశీయ పదానికి కొరియన్ భాషలో రాజధాని అనే అర్థమే ఉండడాన్ని కూడా ప్రస్తావించారు.

తెలుగు చదువుకున్నవాడిగా నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. నిఘంటువు సాక్షి మాత్రమే, శాసనకర్త కాదు. అధికారం ఒక చోట స్థిరపడితే, మాట వెళ్ళి ఆ చోటును అంటుకుంటుంది. మన 'పట్నం' అనే మాటనే చూడండి. ఒకప్పుడు దక్షిణాంధ్ర పల్లెల్లో పట్నం వెళ్ళాడంటే చెన్నపట్నమే. తెలంగాణ పల్లెల్లో పట్నం పోయిండంటే హైదరాబాదే. మాట ఒక్కటే, కచేరీలూ కోర్టులూ ఉన్న చోటును బట్టి ఊరు మారింది. అధికారం కదిలితే అర్థం కదులుతుంది గాని, అర్థం కదలదు గనుక అధికారం కదలరాదనడం తర్కాన్ని తలకిందులు చేయడమే. సంప్రదాయం పేరుతో ఉన్న స్థితిని శాశ్వతం చేసే ఈ వాదం సాహిత్య చరిత్ర చదివినవారికి కొత్తది కాదు.

తీర్పు తర్వాత రాజీ కుదిరింది. రాజధాని అనే పేరు వదిలి, 2005లో పరిపాలనా నగరం పేరుతో మరో చట్టం చేశారు. విదేశాంగ, రక్షణ, న్యాయ శాఖలను తరలించే జాబితాలో చేర్చలేదు. తర్వాతి అధ్యక్షుడు లీ మ్యుంగ్-బాక్ శాఖల తరలింపునే రద్దు చేసి, దాన్ని పరిశ్రమల, విజ్ఞాన నగరంగా మార్చబోగా 2010 జూన్‌లో పార్లమెంటు తిరస్కరించింది. 2012 జూలై 1న సెజోంగ్ నగరం లాంఛనంగా ఏర్పడింది. ఆ ఏడాది నుంచే శాఖలు కదలడం మొదలైంది.

పేరు పెట్టడంలో పాలకుల తెలివి గమనించదగ్గది. సెజోంగ్ 1443లో సామాన్యుల కోసం కొత్త లిపిని రూపొందించి 1446లో ప్రకటించిన రాజు. చీనా లిపి తమ సొత్తుగా ఉన్న ఆస్థాన పండితులు దాన్ని వ్యతిరేకిస్తూ 1444లో విన్నపం పెట్టుకున్నారు. అక్షరాన్ని పండితుల గుప్పిటి నుంచి విడిపించిన రాజు పేరును, అధికారాన్ని సియోల్ గుప్పిటి నుంచి విడిపించవలసిన నగరానికి పెట్టారు. ప్రతీక గొప్పదే. వాస్తవం దాన్ని నిలబెట్టిందా?

కార్యాలయాలు వెళ్ళాయి. అధ్యక్ష భవనం, పార్లమెంటు సియోల్‌లోనే ఉండిపోయాయి. మధ్య దూరం సుమారు 120 కిలోమీటర్లు. బడ్జెటుకు సమాధానం చెప్పడానికి, మంత్రికి ఫైలు వివరించడానికి అధికారులు నిత్యం రైళ్ళలో, బస్సుల్లో తిరగవలసి వచ్చింది. అట్లాంటి సెక్షన్ అధికారికి కొరియన్లు 'గిల్ గ్వాజాంగ్' అని పేరు పెట్టారు. అంటే దారిలో ఉండే అధికారి. ఇది ఏ నిఘంటువూ ఇవ్వని అర్థం. అనుభవం నుంచి జనం పుట్టించిన మాట. న్యాయస్థానం పట్టించుకోవలసిన భాష నిజానికి ఇదే.

వర్గదృష్టితో అడగవలసిన ప్రశ్న ఒకటుంది: తరలింపు ఎవరికి ఏమిచ్చింది? యంగి జిల్లా గ్రామాల రైతులు తరతరాల పొలాలనూ, పూర్వీకుల సమాధులనూ వదులుకున్నారు. వచ్చిన ఉద్యోగులకు ఇళ్ళ కేటాయింపులో ప్రత్యేక కోటా ఇచ్చారు. సెజోంగ్‌కు మారే అర్హతే లేని ఒక కస్టమ్స్ అనుబంధ సంస్థ అక్కడ భవనం కట్టించి ఖాళీగా ఉంచిందనీ, దాని ఉద్యోగులు ఈ కోటాలో ఇళ్ళు పొందారనీ 2021లో బయటపడింది. గగ్గోలు పుట్టి ఆ కోటానే రద్దు చేశారు. కొత్త నగరానికి చేరిన జనంలో చాలామంది సియోల్ నుంచి కాక, పక్కనున్న డేజాన్ వంటి చోట్ల నుంచి వచ్చినవారే. ఈలోగా సియోల్ ప్రాంతపు జనాభా వాటా సగం దాటింది.

అయితే వికేంద్రీకరణ వృథా అని దీనికి అర్థం కాదు. ప్రాంతాల ఆకలి నిజం, వారి కోరిక న్యాయం. కుర్చీలను కదిలించి నిర్ణయాధికారాన్ని కదిలించకపోతే, ఆ న్యాయమైన కోరికే భూముల వ్యాపారానికి ముసుగవుతుందని అర్థం. 1953లో కర్నూలు, 1956లో హైదరాబాదు, 2014 తర్వాత అమరావతి చూసిన తెలుగువారికి ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

రాజధాని అంటే భవనాల గుంపు కాదు, సామాజిక సంబంధం. దాన్ని వస్తువుగా తీసుకునే కథకుడు శిలాఫలకం దగ్గర ఆగిపోతే, ప్రభుత్వ ప్రచార పత్రమే రాస్తాడు. పొలం పోయిన రైతు, బస్సులో ఫైలుతో కునికే గుమాస్తా, వాళ్ళ గురించి జనం పుట్టించిన మాట, వీటి దగ్గర మొదలుపెడితే అధికారం ఎక్కడ ఉన్నదో అతనికే తెలుస్తుంది.