కారుపై గుర్తులు - వదలని జిగురు

క్రొత్త స్టీలు గిన్నె ఇంటికి వచ్చినపుడు దానిపై అంటించిన కాగితపు చీటీని మన గృహిణులు గోటితో గీకరు. గిన్నెను ఒక నిమిషము పొయ్యి సెగకు చూపి చీటీని లాగివేయుదురు. మిగిలిన జిగురును కొబ్బరినూనె చుక్కతో తుడిచివేయుదురు. కారుపైనున్న గుర్తులను తొలగించుటకు కావలసిన శాస్త్రమంతయు ఈ చిన్న పనిలోనే ఇమిడియున్నది. అయినను అదే ఇంటి యజమాని, విక్రేత అంటించిన పేరునో పూర్వపు యజమాని వదలిన చిహ్నమునో తీయబూనినపుడు స్క్రూడ్రైవరు చేతబట్టును. గుర్తు ఊడును, దానితోబాటు రంగును ఊడును.

నేటి కార్ల రేకుపై తుప్పును నివారించు పూత, ప్రైమరు, రంగు, అన్నిటికి పైన క్లియర్ కోటు అను పారదర్శకమైన పూత వరుసగా ఉండును. ఇవి అన్నియు కలిసినను మందము సాధారణముగా మిల్లీమీటరులో పదవవంతుకు కొంచెము అటునిటుగా మాత్రమే. లోహపు మొన ఒక్కసారి జారినచో రేకువరకు దిగవచ్చును. ఆ గీతలో వాననీరు చేరి తుప్పు పుట్టును. కావున మన ప్రయత్నమంతయు జిగురును బలహీనపరచుటకే గాని, గుర్తును పెకలించుటకు కాదు.

చాల గుర్తులు రెండువైపుల జిగురు గల, స్పంజివంటి టేపుతో అంటింపబడును. ముందుగా ఆ చోటును సబ్బునీటితో కడుగవలెను; లేనిచో ఇసుకరేణువులు గరుకుకాగితమువలె రంగును గీయును. పిమ్మట జుట్టు ఆరబెట్టు డ్రయ్యరును జానెడు దూరమునుండి కదల్చుచు, రేకు చేతికి వెచ్చగా తగులువరకు వేడి చేయవలెను. జిగురు మెత్తబడిన పిదప, చేపల గాలమునకు వాడు నైలాను దారమును గుర్తు వెనుకకు చొప్పించి, రంపమువలె అటునిటు లాగవలెను. దారము టేపును కోయును, రంగును కోయదు. దారము ఒకచోట కదలక నిలిచినచో, లోపల రంధ్రములోనికి దిగిన పిన్ను ఉండవచ్చును. అట్టిదానిని మెకానిక్కుకు విడుచుట మేలు. రంధ్రమును పూడ్చక వదలినచో నీరు లోనికి చేరును.

మిగిలిన జిగురును బొటనవ్రేలితో దొర్లించినచో చాలవరకు ఉండలుగా ఊడివచ్చును. తక్కినది నీటికి కరగదు గాని నూనెజాతి ద్రవములకు ఉబ్బి పట్టు వదలును. రేకు చల్లారిన తరువాత, మెత్తని గుడ్డను కిరసనాయిలులోగాని నీలగిరి తైలములోగాని తడిపి, కొలది నిమిషములు దానిపై ఉంచి తుడువవలెను. దానిని మొదట కనబడని మూలలో పరీక్షించి చూచుట మంచిది. ముఖ్యముగా మరల రంగు వేయించిన కార్లకు ఇది అవసరము. దగ్గరలో నిప్పు ఉండరాదు. థిన్నరు, గోళ్లరంగు చెరుపు ద్రవము రంగునే కరగించగలవు. పెట్రోలు ఆవిరి క్షణములో అంటుకొనును. ఈ మూడింటిని దరి చేరనీయరాదు. చివరకు సబ్బునీటితో కడిగి, ఆరిన పిదప మైనపు పాలిషు పట్టింపవలెను.

ఇంత చేసినను గుర్తు రూపు ఛాయగా కనబడవచ్చును. అది జిగురు కాదు. చుట్టునున్న రంగు ఏండ్లతరబడి ఎండకు వెలిసినది. గుర్తు క్రిందిది వెలియలేదు. పాలిషుతో ఈ తేడా కొంత తగ్గును. దానిని గట్టిగా రుద్దుట వలన పైపూత అరుగుటయే గాని ఛాయ పోదు.

జిగురు మొండికెత్తినచో మరల వేడి, మరల నూనె. చాకు మాత్రము వంటింటిలోనే ఉండనిండు.