జూబ్లీహిల్స్ పచ్చదనం యాడ నుంచి వచ్చింది?

మన కొండాపురం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తాడిపత్రికి పోయి, ఆడ రాత్రి రైలెక్కి, తెల్లారి కాచిగూడలో దిగే పిల్లోళ్ళు చానామందే ఉండారు. కొందరు కార్లు తోలతారు, కొందరు ఇంటింటికీ పార్సిళ్ళు చేరుస్తారు, కొందరు పెద్దోళ్ళ గేటు కాడ వాచ్‌మన్ పని చేస్తారు. పండక్కి ఊరికొస్తే వాళ్ళ నోట ఒకటే మాట: ‘‘అన్నా, జూబ్లీహిల్స్‌లో ఎండాకాలం గూడా సల్లగుంటాది, రోడ్డంతా నీడే. అది వాళ్ళ రాత, ఇది మన రాత.’’

రాత కాదబ్బా. ఆ నీడ ఎట్లొచ్చిందో ఒకసారి చూద్దాం.

హైదరాబాదు 1591లో మూసీ ఒడ్డున కట్టిన ఊరు. చార్మినారు చుట్టూ జనం కిటకిటలాడే కాలంలో, పడమటి గుట్టలు ఊరికి దూరం. అంతా బండలు, కంపచెట్లు. లంబాడీలు, అంటే బంజారాలు ఉండిన జాగా కాబట్టే బంజారాహిల్స్ అని పేరు పడింది. నిజాం సర్కారులో పెద్ద అధికారి మెహదీ నవాజ్ జంగ్ 1930 ప్రాంతంలో ఆడ ఇల్లు కట్టుకున్యాడు. బండలు పగలగొట్టకుండా, వాటినే గోడల్లో కలుపుకొని కట్టినాడు. ఈయనే 1960లో గుజరాత్‌కు మొదటి గవర్నరైనాడు. తర్వాత 1960ల్లో జూబ్లీహిల్స్ హౌసింగ్ సొసైటీ పుట్టింది. సర్కారు దానికి వెయ్యి ఎకరాలకు పైగా గుట్టల భూమి ఇచ్చింది. అప్పట్లో ‘ఆ బండల్లో ఎవరుంటారు’ అని నవ్వినోళ్ళు గూడా ఉండే ఉంటారు.

మరి ఆ బండల మీద చెట్లెట్ల వచ్చినాయి? మూడు కారణాలు: జాగా, నీళ్ళు, నోరు.

మొదట జాగా. ఆడ ప్లాట్లు వందల గజాలు, కొన్ని వేల గజాలు. ఇల్లు కట్టినాక గూడా చెట్టుకు చోటు మిగిలింది. ఇంగ నడిమధ్యలో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు ఉండాది. 350 ఎకరాలకు పైనే. 1998లో దాన్ని జాతీయ పార్కు అని ప్రకటించినారు. నెమళ్ళు తిరుగుతాంటాయి. గజం లక్షల్లో పలికే చోట ఆ అడవి నిలబడిందంటే, అది ఎవరి దయా కాదు. చట్టం అడ్డం నిలబడింది, అంతే.

రెండోది నీళ్ళు. బండల కింద బోరు ఎంత లోతు ఏసినా వేసవి వస్తే చానా ఇళ్ళకు ట్యాంకరే దిక్కు. మరి నగరానికి నీళ్ళు యాడివి? 2004 నుంచి నాగార్జునసాగర్ కాడ కృష్ణ నీళ్ళు ఎత్తి, వంద కిలోమీటర్లు దాటించి హైదరాబాదుకు తెస్తాండారు. మంజీర, గోదావరి నీళ్ళు గూడా వస్తాయి.

ఈడ ఒక్క నిమిషం ఆగండి. మన గండికోట రిజర్వాయర్‌లో ఉండేది గూడా ఆ కృష్ణ నీళ్ళే. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, అవుకు మీదుగా గాలేరు-నగరి కాలవలో వస్తాయి. ఒకే నది. వాళ్ళకు పైపులో వచ్చింది, మనకు ఊళ్ళ మీదికి వచ్చింది.

మూడోది నోరు. 2016లో ఆ పార్కు చుట్టూ ఫ్లైఓవర్లకని వేల చెట్లు కొట్టాలని సర్కారు చూసింది. జనం బోర్డులు పట్టుకొని రోడ్డుకొచ్చినారు, గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోయినారు. ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది. చదువు, పరిచయాలు, లాయరు ఖర్చు ఉండేటోళ్ళ మాట తొందరగా వినపడతాది. అది నిజమే. కానీ నోరు తెరవకుంటే వాళ్ళకూ ఆ స్టే వచ్చేది కాదు.

ఇంకో సంగతి. ఆ తోటలకు నీళ్ళు పట్టేటోళ్ళు, ఇళ్ళల్లో వంట చేసేటోళ్ళు ఉండేది పక్కనే నందినగర్, ఫిలింనగర్ బస్తీల్లో. రెండు నిమిషాల నడక. ఆడ ఇరుకు సందులు, రేకుల ఇళ్ళు. గాలి ఒకటే, మన్ను ఒకటే, నీడ మాత్రం ఒకటి కాదు. జాగా, నీళ్ళు, నోరు ఎవరికుంటే చెట్టు వాళ్ళ వాకిట్లో మొలస్తాది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. గండికోట నిండితే 26.85 టీఎంసీలు. దాని కోసం కొండాపురం, ముద్దనూరు మండలాల్లో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయినాయి. 2020లో తాళ్ళప్రొద్దుటూరోళ్ళు పరిహారం తేల్చకుండా నీళ్ళు నింపుతారా అని రోడ్డు మీద కూర్చున్యారు. పాత ఊళ్ళల్లో రచ్చబండ కాడ యాపచెట్టు, వంక గట్టున చింతచెట్టు ఉండె. చెట్టుకు లెక్క కట్టినారు, దాని నీడకు ఎవరూ కట్టల్యా. కొత్త కాలనీలో ముసలోళ్ళు మధ్యాన్నం మంచం యాడ వేసుకోవాలి?

జూబ్లీహిల్స్ మాదిరి బంగళాలు అడగమని చెప్పడంల్యా. ఆ మూడింటినీ మన కొలతకు తగ్గట్టు అడగమంటాండా. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలు చదవండి. పునరావాస కాలనీలో రోడ్లు, మురికికాలవలు, నమ్మకమైన తాగునీళ్ళు, పశువులకు నీళ్ళు, మేత భూమి, పిల్లోళ్ళకు ఆటస్థలం ఉండాలని రాసి ఉండాది. పాత ప్యాకేజీ తీసుకున్న ఊరైనా సరే, ఒక కాలనీలో ఏముండాలో అడిగేదానికి ఆ పట్టీ మంచి కొలబద్ద. ప్రైవేటు లేఅవుట్లల్లో గూడా పదో వంతు జాగా ఖాళీగా వదలాలని మన రాష్ట్ర నిబంధన. ఆ జాగా మీ పక్క లేఅవుట్లో ఉండాదా, ఎవరైనా కలిపేసుకున్యారా? పోయి చూడండి.

గ్రామసభ పెట్టినప్పుడు పది మంది పిల్లోళ్ళు పోయి ఆటస్థలం హద్దులు చూపించమనండి. రోడ్డుకు రెండు పక్కలా యాప, కానుగ పెట్టాలని తీర్మానం రాయించండి. తొలకరికి నాటితే చాలదు, రెండు మూడు ఎండాకాలాలు బిందెడు నీళ్ళు పోయాల. ఎవరి వాకిలి ముందరి చెట్టు వాళ్ళది అనుకుంటే అది పెద్ద పని కాదు.

జూబ్లీహిల్స్‌లో చెట్లకు నీళ్ళు పోసి పెంచేది సగం మన ఊళ్ళ పిల్లోళ్ళ మాదిరోళ్ళే. ఆ పని వాళ్ళకు బాగా తెలుసు. పండక్కి వచ్చినప్పుడు మన కాలనీలో గూడా ఒక గుంత తవ్వించుకోండి.