గుమ్మడికాయ ఒక్కటి, వంటలు నాలుగు: నీళ్లు తీస్తే కేకు కూడా కుదురుతుంది

వానలు తగ్గి చలి మొదలయ్యే ఈ రోజుల్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అంగళ్లలో గుమ్మడికాయలు బాగా కనిపిస్తాయి. వానాకాలం మొదట్లో వేసిన తీగ మూడున్నర, నాలుగు నెలలకు పండుతుంది కాబట్టి ఇదే దాని కాలం. కానీ మన ఇళ్లల్లో చాలామంది ఒక ముక్క తెచ్చి ఒక పూట పులుసు పెడతారు. మిగిలింది ఫ్రిజ్‌లో మెత్తబడితే పారేస్తారు. పిల్లలు తియ్యకూర అని ముట్టరు. ఫోన్‌లో వీడియో చూసి కేకు చేస్తే పైన ఎర్రగా కాలి లోపల ముద్దగా ఉంటుంది. వీటన్నిటికీ కారణం ఒక్కటే, నీళ్లు. వంద గ్రాముల గుమ్మడిలో తొంభై గ్రాములకు పైగా నీళ్లే ఉంటాయి. ఆ నీళ్లను ఎట్లా తీయాలో తెలిస్తే సగం వంట వచ్చినట్టే.

కద్దూ అంటే ఏ కాయ?

ముందు పేరు సంగతి చూద్దాం. మన దక్కనీ ఇళ్లల్లో కద్దూ అంటే ఎక్కువగా సొరకాయ, అంటే ఆనిగెపుకాయ. కద్దూ కా దాల్చా, కద్దూ కీ ఖీర్ దాంతోనే చేస్తారు. ఉత్తరాది హిందీ వీడియోల్లో మాత్రం కద్దూ అంటే గుమ్మడికాయ. మనం దాన్ని మీఠా కద్దూ, లాల్ కద్దూ అంటాం. ఈ తేడా తెలియక ఒక కాయ కొలతలతో ఇంకో కాయ వండితే వంట చెడుతుంది.

హదీసులో వచ్చే 'దుబ్బా' గురించి కూడా చాలామంది అడుగుతారు. ఒక దర్జీ ఇంటి విందులో దైవప్రవక్త (స) గిన్నెలో దుబ్బా ముక్కలు వెతుక్కుని తిన్నారని, అప్పటి నుంచి తనకూ అది ఇష్టమైందని హజ్రత్ అనస్ (రజి) చెప్పిన మాట బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అది సొరకాయ అనే ఎక్కువగా అర్థం చెబుతారు. గుమ్మడి అయ్యే వీలు లేదు, ఎందుకంటే దాని పుట్టిల్లు అమెరికా ఖండం. కొలంబస్ ప్రయాణం తర్వాతే ఆ గింజలు మన వైపు వచ్చాయి.

ఇంకో మాట. అమెరికాలో కేకులకు, పైలకు వాడే డబ్బా గుమ్మడి గుజ్జులో ఎక్కువ భాగం మన అంగట్లో దొరికే గుమ్మడి జాతిదే. కాబట్టి ఆన్‌లైన్‌లో ఖరీదైన డబ్బా తెప్పించుకోవాల్సిన పని లేదు.

కాయ ఎంపిక, నిల్వ

కూరకు కొంచెం పచ్చి చారలున్న కాయ బాగుంటుంది, ముక్క చెదరదు. హల్వాకు, కేకుకు బాగా పండిన కాయ కావాలి. గోరు గుచ్చితే తొక్క దిగొద్దు, చేతిలో బరువుగా ఉండాలి, తొడిమ ఊడిపోయి ఉండొద్దు. తొడిమ ఉన్న పండిన కాయను గాలి తగిలే పొడి చోట పెడితే రెండు నెలలైనా ఉంటుంది. కోసిన ముక్కకు గింజలు, పీచు తీసి, గుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో వాడేయాలి.

ముక్క కోయగానే కొంచెం నాలుకకు తాకించి చూడండి. చేదుగా ఉంటే గుమ్మడైనా, సొరకాయైనా పారేయండి. ఆ చేదు విషపు పదార్థం వల్ల వస్తుంది, వండినా పోదు. వాంతులు, విరేచనాలు అవుతాయి.

గుజ్జు తీసే పద్ధతి

పండిన గుమ్మడి కిలో తీసుకుని తొక్క, గింజలు తీసి పెద్ద ముక్కలు కోయండి. ముక్కల్లో నీళ్లు పోయకుండా గిన్నెలో వేసి, కుక్కర్ అడుగున మాత్రం నీళ్లు పోసి మూడు విజిల్స్ రానివ్వండి. చల్లారాక పలుచని గుడ్డలో వేసి అరగంట వేలాడదీయండి. కారిన నీళ్లు పప్పులోకి పనికొస్తాయి. గుజ్జును మెదిపి, అడుగు మందమున్న కడాయిలో చిన్న మంట మీద పది నిమిషాలు కలుపుతూ ఉండండి. గరిటెతో గీస్తే గీత అట్లాగే నిలబడాలి. అప్పుడే అది కేకుకు పనికొస్తుంది. మిగిలితే డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో దాచుకోండి.

ఓవెన్ లేకున్నా కేకు

గోధుమపిండి ఒకటీ ముప్పావు కప్పు, బేకింగ్ పౌడర్ ఒక టీ స్పూన్, వంట సోడా అర టీ స్పూన్, దాల్చిన చెక్క పొడి అర టీ స్పూన్, చిటికెడు ఉప్పు కలిపి జల్లించండి. వేరే గిన్నెలో రెండు గుడ్లు, అర కప్పు నూనె, ముప్పావు కప్పు బెల్లం పొడి, ఒక కప్పు గుజ్జు బాగా గిలకొట్టండి. రెండూ కలిపాక ఎక్కువ తిప్పొద్దు, కేకు గట్టిపడుతుంది. నూనె రాసిన గిన్నెలో సగానికి కొంచెం పైన వరకే పోయండి.

అడుగు మందమున్న పెద్ద గిన్నెలో గానీ పాత కుక్కర్‌లో గానీ రెండు వేళ్ల మందం దొడ్డు ఉప్పు పరిచి, స్టాండ్ పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడి చేయండి. కుక్కర్ అయితే రబ్బరు, విజిల్ రెండూ తీసేయడం మరవొద్దు. తర్వాత కేకు గిన్నె పెట్టి చిన్న మంట మీద 50 నిమిషాల దాకా ఉంచండి. నలభై నిమిషాల లోపు మూత తీయొద్దు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. ఓవెన్ ఉన్నవాళ్లకు 180 డిగ్రీల దగ్గర 45 నుంచి 50 నిమిషాలు పడుతుంది.

దస్తర్‌ఖాన్ మీదికి

దాల్చాలో సొరకాయ బదులు గుమ్మడి వేస్తే మాంసం, శనగపప్పు పూర్తిగా ఉడికాక, చింతపండు పులుసు పోసిన తర్వాతే వేయాలి. ఏడెనిమిది నిమిషాలు చాలు, ముందే వేస్తే కరిగిపోతుంది. తియ్యకూర అనే పిల్లలకు ఇదే మంచి దారి. పులుపు, కారం తగిలితే తీపి అణుగుతుంది.

గింజలు పారేయొద్దు. కడిగి రెండు రోజులు ఎండబెట్టి, ఉప్పు చల్లి చిన్న మంట మీద వేయిస్తే బడి నుంచి వచ్చిన పిల్లలకు నాష్తా అవుతుంది. వాటిలో మాంసకృత్తులు, జింక్, మెగ్నీషియం ఉంటాయి. మరీ చిన్నపిల్లలకు మాత్రం పొడి చేసి పెట్టండి, గింజ గొంతులో ఇరుక్కోవచ్చు. ఇంట్లో తీగ ఉంటే లేత ఆకు పప్పులో వేసుకోవచ్చు. పూలు కోసేటప్పుడు సన్నని కాడ ఉన్న మగపూలే కోయండి. అడుగున చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, దాన్ని కోస్తే కాయ పోయినట్టే.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి

గుమ్మడి రంగులోని బీటా కెరోటిన్ ఒంట్లో విటమిన్ ఎ గా మారుతుంది, కంటిచూపుకు అవసరం. అది ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె గానీ నెయ్యి గానీ తోడుండాలి. అందుకే ఉత్తగా ఉడికించిన దానికన్నా తాలింపు కూరే మేలు.

తియ్యగా ఉంటుందని షుగర్ ఉన్నవాళ్లు గుమ్మడి కూర పూర్తిగా మానేయాల్సిన అవసరం లేదు. వంద గ్రాముల పచ్చి ముక్కలో కేలరీలు 26 దాకానే. చిన్న కప్పు కూర తింటే ఆ పూట అన్నం కొంచెం తగ్గించుకుంటే సరిపోతుంది. కానీ హల్వా, కేకు సంగతి వేరు. బెల్లంతో చేశాం కదా, ఏం కాదు అని అమ్మీకో, అబ్బాకో పెద్ద ముక్క పెట్టొద్దు. బెల్లం కూడా చక్కెర లాగే షుగర్ పెంచుతుంది. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు గుమ్మడి ఎంత తినొచ్చో ఆయన్నే అడగాలి.

ఈసారి అంగట్లో కాయ కొన్నప్పుడు సగం దాల్చాకు, సగం గుజ్జుకు, గింజలు ఎండకు అని అక్కడే లెక్క వేసుకోండి. పారేయడానికి తొక్క తప్ప ఏమీ మిగలదు.