పురుగును పట్టే పురుగు... పొలానికి చేరేదెన్నడు?

కోకాపేట: ఒకప్పుడు గండిపేట చెరువు దాపున నాగళ్లు నడిచిన నేల ఇది. 2023 ఆగస్టు వేలంలో ఇక్కడ ఎకరం ధర వంద కోట్ల రూపాయలు దాటింది. ఆకాశాన్నంటే మేడల నీడలో పైరు సంగతి ఎత్తితే నవ్వేవారే ఎక్కువ. అయితే ఇక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని రాజేంద్రనగర్‌లో వరి పైరు కోసం రెండు విద్యల మీద పని సాగుతున్న సంగతి జిల్లా రైతాంగంలో చాలామందికి తెలియదు. ఒకటి, పురుగును పురుగుతోనే పట్టించడం. రెండవది, విత్తనంలోని జన్యువును సరిదిద్దడం. మొదటిది పాతదే అయినా ఊరూరికీ చేరలేదు. రెండవది కొత్తది.

గుడ్డులో గుడ్డు

వరికి కాండం తొలిచే పురుగు, అంటే మన మొగి పురుగు, ఎంత చేటు చేస్తుందో రైతుకు చెప్పనక్కరలేదు. పిలక దశలో పడితే మొవ్వు ఎండిపోతుంది. ఈనిన తరువాత పడితే తెల్లకంకి వస్తుంది, అందులో గింజ ఉండదు. పురుగు ఒకసారి కాండంలో దూరిందంటే పైన కొట్టిన మందు దానికి సరిగా తగలదు. కనుక గుడ్డు దశలోనే దాని పని పట్టాలి.

ఆ పని చేసేది ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగ. ఒక మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు. మనిషిని కుట్టదు, పైరును ముట్టదు. శత్రు పురుగు గుడ్డును వెదికి పట్టుకుని, దానిలో తన గుడ్డు పెడుతుంది. లోపల పుట్టిన పిల్ల ఆ గుడ్డు సారమంతా తినేస్తుంది. మూడు నాలుగు రోజుల్లో గుడ్డు నల్లబడుతుంది. వారం ఎనిమిది రోజులకు అందులోంచి మొగి పురుగుకు బదులు కందిరీగ బయటికి వస్తుంది.

వీటిని పెంచే పద్ధతి కూడా బ్రహ్మవిద్య కాదు. జొన్న, సజ్జ నూకల మీద బియ్యపు పురుగును పెంచి, దాని గుడ్లను అట్టముక్కకు అంటించి, వాటి మీదికి కందిరీగలను వదులుతారు. అదే ట్రైకో కార్డు. ఒక కార్డు మీద సుమారు 20 వేల గుడ్లుంటాయి. విడతకు ఎకరానికి రెండు కార్డులు కావాలి. పొలంలో రెక్కల పురుగులు కనిపించగానే మొదలుపెట్టి, వారం వారం ఐదారు విడతలు వదలాలి. కార్డును ముక్కలు చేసి చల్లపూట ఆకుల అడుగున గుచ్చాలి. చీమలు పట్టకుండా చూసుకోవాలి. ఆ రోజుల్లో పురుగు మందు కొడితే శత్రువుతో పాటు మిత్రుడూ చస్తాడు. సాలీళ్లు, అక్షింతల పురుగులు కూడా పోతాయి. అవి పోయిన పొలంలోనే దోమపోటు మరింత రెచ్చిపోతుందని శాస్త్రజ్ఞులు ఏనాటి నుంచో చెబుతున్నారు.

చిక్కంతా ఇక్కడే

కార్డు ప్రాణమున్న సరుకు. మందు డబ్బా మాదిరిగా దుకాణంలో ఏడాది నిలవ ఉండదు. ఒక్క రోజు ఆలస్యమైతే పెట్టెలోనే కందిరీగలు లేచిపోతాయి. అందువల్ల దీనిని పొలాలకు దగ్గరలోనే తయారుచేయాలి. ఇందుకు శిక్షణ ఇచ్చే సంస్థ మన పక్కనే ఉంది. 1966లో సస్యరక్షణ శిక్షణ కేంద్రంగా ఏర్పడి, నేడు జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థగా రాజేంద్రనగర్‌లో పనిచేస్తున్నది అదే. మిత్ర పురుగులను రైతు స్థాయిలో పెంచడం అక్కడ నేర్పుతారు. నేర్చుకున్నది ఊళ్లో నిలబడాలంటే మాత్రం ఒక గది, కొద్దిపాటి సామగ్రి, సరుకు కొనే రైతులు కావాలి.

జన్యువుకు చిన్న గాటు

ఇక రెండవ విద్య. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ రెండు వరి రకాలను ప్రకటించారు. ఒకటి రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్ఆర్ ధాన్ 100, దీనికే కమల అని పేరు. రెండవది ఢిల్లీ సంస్థ చేసిన పూసా డీఎస్టీ రైస్ 1. మొదటిదానికి తల్లి మన బాపట్ల సాంబ మసూరి. రెండవదానికి తల్లి మారుటేరు కాటన్‌దొర సన్నాలు. రెండూ తెలుగు నేల గింజలే కావడం గమనార్హం.

బీటీ పత్తిలో మట్టిలోని బాక్టీరియా జన్యువును తెచ్చి చొప్పించారు. జన్యు సవరణలో అట్లా కాదు. మొక్కలో ఉన్న జన్యువుకే కత్తెర వంటి సాధనంతో చిన్న గాటు పెడతారు. కమలలో గింజల సంఖ్యకు పగ్గం వేసే జన్యువును అట్లా సడలించారు. సాంబ మసూరి కన్నా 15, 20 రోజుల ముందే కోతకు వస్తుందని, దిగుబడి కూడా ఎక్కువని సంస్థ చెబుతోంది. పరీక్షల లెక్కలపై కొన్ని సంఘాలు అభ్యంతరం తెలుపగా, వ్యవసాయ పరిశోధన మండలి వాటిని తోసిపుచ్చింది.

అయితే కమల పురుగును ఆపే రకం కాదు. ఈ తేడా రైతు గుర్తుంచుకోవాలి. పురుగును తట్టుకునేలా వరి జన్యువును సవరించిన ప్రయోగం ఒకటి చైనాలో జరిగింది. మొక్కలో సెరటోనిన్ అనే పదార్థం తయారు కాకుండా చేస్తే దోమ, కాండం తొలిచే పురుగు రెండింటినీ వరి తట్టుకుంటున్నదని 2018లో ప్రకటించారు. అమెరికా రక్షణ శాఖ పరిశోధన విభాగం మరో అడుగు వేసి, పొలంలో ఉన్న పైరు జన్యువులను పురుగులు మోసుకొచ్చే వైరస్‌తో మార్చే పథకాన్ని 2016లో చేపట్టింది. ఇది యుద్ధాయుధంగా మారగలదని ఐరోపా శాస్త్రజ్ఞులు 2018లో హెచ్చరించారు.

రైతుకు కావలసిందేమిటి?

బీటీ పత్తి 2002లో వచ్చింది. కొన్నేళ్లకే గులాబీ రంగు పురుగు దానికి అలవాటు పడింది. ఒక్క విత్తనం మీద, ఒక్క మందు మీద భారం వేస్తే పురుగు దారి వెతుక్కుంటుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

కొత్త విత్తనం విషయంలో రైతు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. కత్తెర సాధనంపై పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. పండిన గింజను దాచుకుని మళ్లీ విత్తుకునే హక్కు మన దేశంలో 2001 చట్టం రైతుకు ఇచ్చింది. ఆ హక్కుకు భంగం కలగదని ప్రభుత్వం ముందుగానే స్పష్టం చేయవలసి ఉంది. ఈలోగా జన్యు సవరణ విత్తనమంటూ ఎవరైనా సంచులు అమ్మజూపితే, ధ్రువీకరణ చీటీ చూడనిదే, వ్యవసాయాధికారిని అడగనిదే కొనరాదు.

విత్తనం రావడానికి సమయం పట్టవచ్చు. కందిరీగకు ఆ అడ్డంకి లేదు. మండలానికొక ట్రైకో కార్డు కేంద్రం నెలకొల్పి, మహిళా సంఘాలకు శిక్షణ ఇప్పించి, నాట్లు పడిన నాటి నుంచి కార్డులు అందేలా చూడడం అధికారులకు పెద్ద పని కాదు. కోకాపేటలో పొలం పోయింది. మిగిలిన పల్లెల్లో పొలం, పంట రెండూ నిలవాలంటే రాజేంద్రనగర్ విద్య గట్టు దాకా నడిచి రావాలి.