మెదక్ పిల్లలకు సముద్రం ఎంత దూరం?



సండే స్కూలులో పిల్లలకు పగడపు దిబ్బల చిత్రాలు చూపించాము. గాలి సిలిండరు లేకుండా, ఊపిరి బిగబట్టి అక్కడికి మునిగేవారున్నారని చెప్పగానే పిల్లలూ ఊపిరి బిగబట్టారు! మన్నారు సింధుశాఖలో పరవ జాలరులు తరతరాలుగా ముత్యపు చిప్పల కోసం అలాగే మునిగేవారు. 1542లో ఫ్రాన్సిస్ జేవియర్ సువార్తతో వెళ్లినది వారి మధ్యకే.

పగడము రాయి కాదు, ప్రాణి. దానిలో నివసించే సూక్ష్మమైన నాచు దానికి ఆహారమిస్తుంది. నీరు మితిమీరి వేడెక్కితే నాచు వెళ్లిపోయి, పగడము తెల్లబడుతుంది. చాలాకాలం అలాగే ఉంటే చనిపోతుంది. ప్రపంచమంతటా ఇలా జరగడం ఇది నాలుగవసారి అని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. సముద్ర జీవజాతులలో దాదాపు నాలుగవ వంతుకు ఈ దిబ్బలే ఆశ్రయము.

"మనకు సముద్రం లేదు కదా, అయ్యగారూ?" అన్నది ఒక పాప.

మన మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలిసి, బంగాళాఖాతం చేరుతుందని చెప్పాము.

"మరి మొన్న ప్రేమవిందు అయ్యాక వాగు ఒడ్డున పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు?"

మాకు మాట రాలేదు. పారవేయించినది మేమే. మరుసటి ఆదివారం పిల్లలతో కలిసి ఏరాము. దొరికినవి కొన్నే, మిగతావి వాన నీటితో వెళ్లిపోయాయి. ఇప్పుడు విందుకు ఎవరి గ్లాసు వారే తెచ్చుకుంటున్నాము.

దేవుడు నరునికి కాయమని అప్పగించిన తోటను తడుపుటకు ఒక నది బయలుదేరింది (ఆది. 2:10, 15). ఆ నీరు చేరే చోటు కూడా మన కాపుదలలోనిదేనని మీ పిల్లలకు నేర్పండి. మాకు ఒక పాప నేర్పింది.